మూడో గరిటె

అనగనగా అన్నాక ఊ కొట్టాలి. కొట్టకపోతే ఇటు తిరిగి పడుకుంటాను, నాకేం నష్టం లేదు. ఆఁ, అలాగ.

అనగనగా, చెరుకు తప్ప మరో పైరు ఎరగని ఊరొకటి ఉండేది. ఆ ఊళ్ళో చెరుకుంటే గానుగ, గానుగుంటే రసం, రసముంటే పెనం, పెనముంటే పొయ్యి, పొయ్యి ఉంటే కోడలు, కోడలుంటే అత్తగారికి కాళ్ళు చాపుకునే తీరిక. నవ్వకండి. మీ అమ్మమ్మా ఒకింటికి కోడలుగా వెళ్ళిందే.

ఏమిటే చిన్నదానా, రాజకుమారి లేదా అంటున్నావా? లేదు. రోజూ రాజకుమారేనా? ఇవాళ కోడలి కథ. వింటే విను.

ఆ కోడలి పేరు నూకరత్నం. అందరూ రత్నం అనేవారు. మొగుడి పేరు పైడయ్య, అత్తగారి పేరు అచ్చియ్యమ్మ. పైడయ్య చెడ్డవాడేమీ కాదు. కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు, పండగకి చీర తెచ్చేవాడు. మంచి మొగుడంటే ఇంకేం కావాలని రత్నం కూడా అనుకునేది. మనిషి మంచితనం తెలియాలంటే ఒక చెడ్డరోజు రావాలి. ఆ రోజు వచ్చేదాకా అందరూ మంచివాళ్ళే.

పొలం గట్టున గానుగ. ఎద్దులు దాని చుట్టూ తిరుగుతుంటే కిర్రు కిర్రు కిర్రుమని మోత. అక్కడ పైడయ్య, మరో నలుగురు మగవాళ్ళు. అక్కణ్ణించి ఒక్క కేకేస్తే వినపడేటంత దూరంలో తాటాకు పాక. పాకలో బండిచక్రమంత వెడల్పు ఇనప పెనం, దాని కింద భగభగమండే పొయ్యి. రత్నం పని ఆ పెనం దగ్గర. నిలువెత్తు కర్రకి కట్టిన గరిటెతో పాకం కలుపుతూ ఉండాలి. చెయ్యి ఆగితే పాకం మాడుతుంది. మాడితే ఏడాది కష్టం బూడిద.

ఆ ఊరికి ఒక ఆచారం ఉంది, చెవులొగ్గి వినండి. పెనం మీద పాకం మరుగుతున్నప్పుడు గుమ్మంలోకి ఎవరొచ్చినా సరే, దొరొచ్చినా దొంగొచ్చినా, అల్లుడొచ్చినా అప్పులవాడొచ్చినా, పీట వేసి చెంబుడు చెరుకురసం చేతికివ్వాలి. వద్దు, పో అంటే పాకం విరిగిపోతుందని వాళ్ళ నమ్మకం. ఎవరింట్లోనైనా బెల్లం ముద్ద కట్టకపోతే, ‘ఎవణ్ణి వెళ్ళగొట్టావే?’ అని ముందు కోడల్ని అడిగేవారు. పాకం ముదిరిందో లేతదో చూసేవాళ్ళు కాదు.

ఊ కొడుతున్నారా?

ఆ దేశపు రాజుకి ఒక బావమరిది. పేరు భైరవదేవు. వాడి సంగతి ఎలాగుండేదంటే, ఊరికి తలారి అంటే భయం, తలారికి కరణమంటే భయం, కరణానికి మంత్రి అంటే భయం, మంత్రికి రాజంటే భయం, రాజుకి రాణి అంటే భయం, రాణికేమో తమ్ముడంటే ముద్దు. అంటే ఏమిటి? దేశం మొత్తానికి భైరవదేవు అంటే భయం. వాడికి మాత్రం ఎవరి భయమూ లేదు. భయం లేనివాణ్ణి వీరుడంటారు కొందరు. నేననను. భయమంటే గుర్రానికి కళ్ళెంలాంటిది.

ఒక మిట్టమధ్యాహ్నం వాడు వేట నుంచి వస్తూ రత్నం పాక ముందు గుర్రం దిగాడు. గుర్రాన్ని పట్టుకోడానికి లింగన్న అనే గుర్రపువాడు వెంట ఉన్నాడు. భైరవదేవు లోపలికొచ్చాడు. వాడి పేరు వినని ఆడది ఆ చుట్టుపక్కల లేదు. కానీ పాకం మరుగుతోంది, ఆచారం ఉంది. పీట వేసింది. చెంబుడు రసం ఇచ్చింది. బయటున్న లింగన్నకి కూడా ఇచ్చి వచ్చింది. అదే ఆమె చేసిన పొరపాటు. అలాంటివాడు లోపలుండగా గుమ్మం అవతలికి వెళ్ళిన మనిషి మళ్ళీ లోపలికి రాకూడదు. కానీ చెయ్యి ఆగితే పాకం మాడుతుందని పరుగున వచ్చేసింది. ఆ ఊరి కోడలు తప్ప ఇంకెవరూ రారు.

వాడు రసం తాగాడు. మూతి తుడుచుకున్నాడు. చెంబు కింద పెట్టాడు. లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడి, గుర్రమెక్కు, నా మేడకి పోదాం అన్నాడు. ఇంకా ఏవో అన్నాడు. అవి మీకు చెప్పే మాటలు కావు.

రత్నం అంది, “దొరగారూ, మీకు దణ్ణం పెడతాను. రసం తాగారు, వెళ్ళిపోండి.”

వాడు నవ్వాడు. గోడకి గుచ్చిన చెరుకు కత్తి లాగాడు. వస్తావా, లేక గడ కొట్టినట్టు కొట్టెయ్యనా అన్నాడు.

అప్పుడు రత్నం కేకేసింది. ఉత్త కేక కాదు, మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది. ఆ రోజుల్లో మొగుడి పేరు పైకి అనేవారు కాదర్రా. అయినా అంది. “పైడయ్యా!” అని పొలం దద్దరిల్లేలా అరిచింది.

గానుగ ఆగింది.

కిర్రు కిర్రు కిర్రుమంటున్న మోత ఠక్కున ఆగిపోయింది. రత్నానికి ప్రాణం లేచొచ్చింది. వస్తున్నారు, అయిదుగురున్నారు, వస్తున్నారు అనుకుంది. పరుగుల చప్పుడు కోసం చెవి రిక్కించింది.

కిర్రు.

కిర్రు కిర్రు.

మళ్ళీ గానుగ తిరిగింది.

ఏమిటి, ఊ కొట్టడం మానేశారు? నిద్రొస్తోందా? రావడం లేదా. సరే.

ఆ మోత మళ్ళీ మొదలవడం విన్నప్పుడు రత్నం లోపల ఏదో చల్లబడిపోయింది. ముందు గుమ్మంలో కత్తి పట్టుకుని వాడు. వెనక నిప్పులు కక్కే పొయ్యి. చేతిలో గరిటె. వాడు జుట్టు పట్టుకోబోతే, మరిగే పాకం ఒక గరిటె ఎత్తి వాడి మీద పోసింది. పాకమంటే నీళ్ళలా జారిపోదు, పట్టుకుంటుంది. వాడు కెవ్వుమంటూ కత్తి ఝళిపించాడు. ఆమె మోచెయ్యి తెగింది. నిన్ను ముక్కలు చేస్తానంటూ మీదికొచ్చాడు. రెండో గరిటె పోసింది. వాడు కూలబడ్డాడు. సాయంత్రానికి పోయాడు.

రాజభటులొచ్చి రత్నాన్ని కోటకి తీసుకుపోయారు. ప్రాణం తీసినవాళ్ళకి ఉరి అని ఆ రాజ్యంలో శాసనం. అందులో అయితే గియితేలు లేవు.

తీర్పుకి ముందు అచ్చియ్యమ్మ కోటకొచ్చింది. కోడల్ని చూసి ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది. ఏడ్చి, చెవిలో చెప్పింది.

“ఒసేయ్, రసం ఇవ్వలేదని చెప్పవే. పిలవని పేరంటానికొచ్చినట్టు వాడే చొరబడ్డాడని చెప్పు. ఇచ్చానన్నావంటే అతిథిని చంపావంటారు, ఉరేస్తారు.”

ఆవిడ వెనకాలే ఊరిపెద్ద వచ్చాడు. ఆయనదింకో బాధ. “అమ్మా రత్నం, రసం ఇవ్వలేదని మాత్రం అనకు. మన ఊరి పొయ్యి దగ్గర మనిషిని పొమ్మన్నారని తెలిస్తే మన బెల్లం ఎవడు కొంటాడు?”

అత్తగారు ఊరుకుంటుందా? “నీ బెల్లం బుగ్గయిపోను! పిల్ల మెడకి తాడు పడుతుంటే నీకు బెల్లం గొడవా?” అని ఎగిరింది. ఒకరు ఇవ్వలేదనమని, ఒకరు ఇచ్చాననమని. రత్నం ఇద్దరి మాటా విని, “నేను ఇచ్చాను. ఇచ్చాననే చెప్తాను” అంది. ఊరిపెద్ద సంతోషించాడు. ఆయన కోసం కాదు ఆమె అన్నది. ఒక అబద్ధంతో మొదలెడితే దానికి కాపలాగా ఇంకో పది అబద్ధాలు పెట్టాలి. అంత ఓపిక ఆ పిల్లకి లేదు. మీకూ ఉండకూడదు.

ఆమె అత్తగార్ని ఒక్కటే అడిగింది, ఆయన రాలేదా అని. అచ్చియ్యమ్మ కొంగు సర్దుకుంటూ, ఎద్దులకి కుడితి పెట్టేవాళ్ళు లేరే అంది.

సభ కూడింది. రాజు సింహాసనం మీద, రాణి తెర వెనక, పక్కన ధర్మం చెప్పే శాస్త్రులుగారు. శాస్త్రులుగారు ముందు అతిథి మాటే ఎత్తారు. రసం ఇచ్చావా అన్నారు. ఇచ్చానండి అంది. అచ్చియ్యమ్మ నెత్తి కొట్టుకుంది.

“చూశారా ప్రభూ! పీట వేసి, చేతులారా రసమిచ్చి, ఆ చేతులతోనే చంపింది. అతిథిని చంపినదానికి ఏ లోకంలో దిక్కుంది?”

రత్నం అంది, “దాహమైనవాడికి రసం ఇచ్చానండి. చెంబు పట్టుకున్నంతసేపూ అతిథే. చెంబు కింద పెట్టి కత్తి ఎత్తినవాణ్ణి ఏమంటారో మీ శాస్త్రంలో చూసి చెప్పండి.”

శాస్త్రులుగారు శాస్త్రంలో చూడలేదు. గొంతు సవరించుకుని, పారిపోవచ్చు కదా అన్నారు.

“గుమ్మంలో ఆయన, వెనక పొయ్యి. ఎటు పారిపోవాలో చెప్పడానికి ఆ పూట మీరు అక్కడ లేరండి.”

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు కళ్ళెర్రజేస్తే ఆగిపోయింది నవ్వు. అప్పుడు రాజే అడిగాడు. ఆ ప్రశ్నలోనే ఉందర్రా ఆమె మెడ.

“కేకేస్తే వినపడే దూరంలో నీ మొగుడున్నాడు, మగవాళ్ళున్నారు. సాయానికి పిలిచే వీలున్నప్పుడు ప్రాణం తియ్యడం తప్పు. నువ్వు పిలవలేదు. పిలిస్తే వచ్చేవారు కదా?”

“పిలిచానండి. గానుగ ఆగింది. మళ్ళీ తిరిగింది.”

గానుగ మనుషుల్ని పిలిచారు. ఒకడు, గానుగ మోతలో ఏమీ వినపడలేదన్నాడు. ఒకడు, తనకి చిన్నప్పట్నించీ చెవుడన్నాడు. ఒకడు, గాలి అటు కొట్టిందన్నాడు. ఒకడు, తనా రోజు పనికే రాలేదన్నాడు. చివరికి పైడయ్యని నిలబెట్టారు.

రత్నం తల ఎత్తి చూసింది. పోన్లే, అందరూ అబద్ధమాడారు, వాళ్ళకి నేనేమవుతాను. ఈయన చెప్తాడు. వినపడింది, భయమేసి రాలేదు అంటాడు. అంటే నలుగురూ నవ్వుతారు, నవ్వితే నవ్వనీ, నా మెడ మిగులుతుంది. ఇలా అనుకుంది ఆమె.

పైడయ్య తెర వంక చూశాడు. రాజు వంక చూశాడు. తన కాళ్ళ వంక చూసుకున్నాడు.

“ఎద్దులు అలిసిపోతే గానుగ ఆపాను ప్రభూ. కేక నేను వినలేదు” అన్నాడు.

చెప్పమ్మా, ఏమన్నావు? అవును, మంచి మొగుడే. చీర తెచ్చేవాడని నేనే చెప్పాను కదా.

రత్నం ఏడవలేదు. ఏడిస్తే ఆ మనిషి కోసం ఏడ్చినట్టవుతుందని ఆపుకుంది. శాస్త్రులుగారు, ఇంకేముంది ప్రభూ, సాయానికి పిలవలేదని రుజువైంది అన్నారు. రాజు తీర్పు చెప్పడానికి నోరు తెరిచాడు.

అప్పుడు సభ చివర్నించి ఒక మనిషి ముందుకొచ్చాడు. భైరవదేవు గుర్రపువాడు లింగన్న. వాడు దణ్ణం పెట్టి అన్నాడు, “కేక నేను విన్నాను బాబయ్యా. పైడయ్యా అని పిలిచింది. గానుగ ఆపి అందరూ ఇటు చూశారు. గుమ్మం దగ్గర నన్నూ, దొరగారి గుర్రాన్నీ చూశారు. పోండి అని నేనే చెయ్యూపాను. ఈ పైడయ్యే ఎద్దుల్ని అదిలించాడు.”

శాస్త్రులుగారు మండిపడ్డారు. తిన్నింటివాసాలు లెక్కపెడతావా, చచ్చినవాడు నీ యజమాని కాడూ అన్నారు.

“యజమానే బాబూ. బతికున్నన్నాళ్ళూ నా చేత అబద్ధాలాడించాడు. చచ్చాక కూడా ఆడాలా?”

తెర వెనక రాణి ఏడుపు వినపడింది. ఎంత చెడ్డవాడైనా తోడబుట్టినవాడు కదా. ఆవిడ తెర లోంచే అడిగింది, “ఒక గరిటె చాలలేదా తల్లీ? రెండోది దేనికి?”

రత్నం మెత్తగానే చెప్పింది. “మొదటిదానికి ఆయన ఆగి ఉంటే అదే చాలునమ్మా. ఆగలేదు.” అని తెగిన మోచెయ్యి చూపించింది.

లింగన్న మళ్ళీ అన్నాడు, “మూడోది కూడా ఎత్తిందమ్మా. అప్పుడే నేను లోపలికి తొంగి చూశాను. మా దొర చేతిలోంచి కత్తి జారి కింద పడింది. ఈమె ఎత్తిన గరిటెని మళ్ళీ పెనంలోనే వంచేసింది. వంచేసి, కుండ తెచ్చి నీళ్ళు దొర మీద గుమ్మరించింది.”

రాజు రత్నాన్ని అడిగాడు, ఎందుకు పొయ్యలేదు మూడోది అని. కోపం రాలేదా అన్నాడు.

“కోపానికేం, ఇప్పటికీ ఉంది. కానీ కత్తి కింద పడింది కదండీ” అంది రత్నం.

రాజుకి ఇష్టం లేదు. బావమరిది పోయాడు, ఇంటికెళితే రాణి ఉంది. కానీ సభ మొత్తం విన్నది. అందుకని లేచి తీర్పు చెప్పాడు. అది ఊరూరా దండోరా వేశారు. ఏమని? ఒకడు నీ ప్రాణం తియ్యడానికో, మానం తియ్యడానికో, ఎత్తుకుపోవడానికో మీదికొస్తే, తప్పించుకునే దారీ, సాయానికొచ్చే మనిషీ లేకపోతే, వాణ్ణి ఆపడానికి ఎంత కావాలో అంతా చెయ్యొచ్చు. ఆ చెయ్యడంలో వాడు చస్తే నీ తప్పు కాదు. కానీ ఆగినవాడి మీద, పారిపోతున్నవాడి మీద, కత్తి జారవిడిచినవాడి మీద చెయ్యెత్తితే అది కక్ష. కక్షకి ఉరే. రెండో గరిటె దాకా ధర్మం, మూడోది పోస్తే హత్య అని, చిన్నపిల్లలకి కూడా తెలిసేలా చాటించారు.

నా మాటా అదే. నాకు నాలుగు అక్షరాలే వచ్చు, అయినా చెప్తాను. మీ మీదికి ఎవడైనా అలా వస్తే సిగ్గుపడకండి, వెనకాడకండి, చేతికేది దొరికితే దాంతో ఆపండి. వాడు ఆగాక మీ చెయ్యి కూడా ఆగాలి. ఆపుకోలేని చెయ్యి వాడి చెయ్యే, మీది కాదు.

అయిపోయిందనుకున్నారా? అయిపోలేదు.

భటులు చేతికట్లు విప్పాక రత్నం అక్కడే నిలబడింది. ఇంకా ఏం కావాలన్నాడు రాజు. ఆమె అడిగింది, గానుగ దగ్గరివాళ్ళ మాటేమిటండీ అని. విన్నారని తేలింది, వినలేదని సభలో అబద్ధమాడారనీ తేలింది, వాళ్ళకేమీ లేదా అని. రాజు శాస్త్రులుగారి వంక చూశాడు. శాస్త్రులుగారు, సాయానికి రానివాడిది పాపమే గానీ నేరం కాదు ప్రభూ అన్నారు. అబద్ధం సంగతో అంటే, మొగుడూ పెళ్ళాల మాటలు సభలో ఎందుకమ్మా, ఇంటికెళ్ళి చూసుకోండి అన్నాడు రాజు. సభ ముగిసింది.

కోట బయట పైడయ్య బండి కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆ పూట ఎద్దుల కుడితి మాట ఎవరూ ఎత్తలేదు. ఊరివాళ్ళందరూ పోగయ్యారు. చెవుడన్నవాడు రత్నం పేరు చెప్పి జేజేలు కొట్టాడు. పనికి రాలేదన్నవాడు దిష్టి తీయించాడు. మా ఊరి ఆడపడుచంటే ఏమనుకున్నారు అని ఊరిపెద్ద మీసం తిప్పాడు. అచ్చియ్యమ్మ మాత్రం కోడలి మోచెయ్యి పట్టుకుని చూసి, పసుపు పెట్టాలే అంది. ఆ ఒక్క మాటే ఆ రోజుకి రత్నం చెవిన పడ్డ మంచిమాట.

బండి కదిలింది. చాలా దూరం పోయాక పైడయ్య వెనక్కి తిరక్కుండానే మెల్లగా అన్నాడు.

“నేనొస్తే వాడు నన్ను కూడా నరికేవాడే రత్నం. ఇద్దరం పోయేవాళ్ళం. నిన్ను వదిలేశాననుకుంటున్నావేమో.”

“అనుకోవడమెందుకు? విన్నాను కదా” అంది రత్నం.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ చాలా ఏళ్ళు కాపురం చేశారు. అతను పిలిస్తే ఆమె పలికేది, అన్నం పెట్టేది, జ్వరమొస్తే పక్కన కూర్చునేది. ఇంకెప్పుడూ మాత్రం తనంతట తాను అతన్ని పిలవలేదు. పాము కనపడితే తనే కర్ర తీసుకునేది. ఊళ్ళోవాళ్ళు చూసి, ఎంత ధైర్యమో అని ముక్కు మీద వేలేసుకునేవారు.

సుఖంగా ఉన్నారా అంటావా చిన్నదానా? ఉన్నారు. రాజు ధర్మప్రభువన్న పేరుతో సుఖంగా ఉన్నాడు. శాస్త్రులుగారు ఆ తీర్పు తనదేనని చెప్పుకుని సుఖంగా ఉన్నారు. ఊరు తన బెల్లంతో సుఖంగా ఉంది. పైడయ్య భోంచేసి నిద్రపోయి సుఖంగా ఉన్నాడు. రత్నం కూడా సుఖంగానే ఉందని చెప్పాలి, కథలకి అదే పద్ధతి.

కానీ మీరు రత్నం ధైర్యం ఒక్కటే నేర్చుకుంటే నా కథ సగమే విన్నట్టు. చంపితే తప్పు లేదన్నారు ఆ పిల్లని. చంపక తప్పని చోట ఒంటరిగా వదిలేసినవాళ్ళని పల్లెత్తు మాట అనలేదు. రేపు మీరు పెద్దవాళ్ళయి, ఎక్కడో పని చేసుకుంటుంటే, ఎవరో కేకేస్తారు. అప్పుడు మీ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. అందరి చెయ్యీ ఆగుతుంది, అందులో గొప్పేమీ లేదు. ఆగాక ఏం చేస్తారన్నదే నాకు కావాలి. మీరేం చేస్తారో చూడ్డానికి నేనుండను, అందుకే ఇవాళ చెప్పాను.

ఇంక కథ కంచి దారి పట్టింది. మీరు దుప్పటి కప్పుకోండి.